ఇరవైనాలుగు మూతల పసుపు సంగ్రామము

అఖండ భూమండలమున, అందు దక్షిణ దిగ్భాగమున, కృష్ణా తుంగభద్రలు వియ్యపురాండ్రవలె కొంత దూరము ఒకరి మొగమొకరు చూడక నడచి, పిదప వేరు దారి లేక కలిసిపోవు పాలమూరు సీమయందు, హేమంత ఋతువున, మార్గశిర బహుళ పక్షమున, శుక్రవార శుభదినమున, గద్వాల బస్టాండులో వనపర్తికి పోవు మొదటి బస్సు వెళ్లిపోయి రెండవ బస్సు ఇంకను రాని సంధికాలమున, ఏ మహాసమరమునకు బీజము పడెనో, ఏ సమరమున నెత్తురు చుక్కయైన చిందకున్నను ఎఱ్ఱదనము మాత్రము పొంగి పొరలెనో, ఏ సమరమునకు సూర్యభగవానుడు తానే ఆయుధమై దిగివచ్చెనో, అట్టి వృత్తాంతము వినిపింపబడుచున్నది. పొయ్యిమీద పాలు పెట్టి వచ్చినవారు ముందుగా దించి వచ్చుట మంచిది.

ఈ గాథకు నాయిక పావని. ఆమె షడ్వర్ష పరిశోధనా తపోనిష్ఠాగరిష్ఠ. సూక్ష్మదర్శినీ విలోకన వికుంచిత విలోచన. "ఇంకెన్నేండ్లు సదువుతవమ్మా" అని పెండ్లిండ్లలో, పేరంటములలో, తుదకు కూరగాయల బండి కడ కూడ కురియు బంధుజన బాణపరంపరను చిరునవ్వను డాలుతో ఆరేండ్లుగా అడ్డుకొనుచున్న వీరవనిత. రాజోలి ప్రాంతమున ఒకే వంశములో తాతకు పలుచనైన నెత్తురు తండ్రికిని, తండ్రికి పలుచనైనది బిడ్డకును, పొలము రాకపోయినను ఇది మాత్రము తప్పక వచ్చు ఆస్తివలె ఎట్లు సంక్రమించుచున్నదో కనిపెట్టుట ఆమె దీక్ష. అందుకై ఆ వంశమున ఇరవైనలుగురి నెత్తురు గైకొని, దానినుండి డీఎన్ఏ అను జన్మరహస్య ద్రవ్యమును తీసి, చింతగింజంత గొట్టములలో నింపి, ఒక్కొక్క మూతపై ఒక్కొక్క అంకె వ్రాసియుండెను. గొట్టము ఒంటిపై వ్రాయుటకు చోటు లేదు. మూతయే దాని ముఖము. మూతమీది అంకెయే దాని ఇంటిపేరు, పేరు, ఊరు, సమస్తమును.

ఆ ద్రవ్యములోని అక్షరములను చదువగల మహాయంత్రము వనపర్తి యందలి ఉమ్మడి జన్యుశాలలో నున్నది. కళాశాలకొక యంత్రము కొనుట కుబేరునికిని కష్టమగుటచే పన్నెండు కళాశాలల పరిశోధకులు ఆ యొక్కదానినే వంతులవారీగా వాడుకొందురు. పన్నెండుగురు తోడికోడండ్రున్న యింట ఒక్క గ్రైండరున్నచో ఏమి జరుగునో ఎరిగినవారికి ఆ వంతుల మహిమను వేరుగా వర్ణింప బనిలేదు. విడతకు ఇరవైయైదు ఆసనములు. ఇరవైనాలుగు నమూనాలకు, ఇరవైయైదవది ఉత్త నీళ్లకు. నీళ్లలో కూడ ఏదో కనుగొంటినని యంత్రము చెప్పినచో దాని మాట నమ్మరాదని తెలియుటకే ఆ యేర్పాటు. ఇట్టి పరీక్ష మనుష్యులకు కూడ ఉండినచో అనేక సంబంధములు ముందే తప్పిపోయెడివి.

ఈ విడత పావనిది. శుక్రవారము మధ్యాహ్నము ఒంటిగంటకు నమూనాలు స్వీకరించు కిటికీ మూయబడును. ఆలోపల గొట్టములు లోపలికి పోయెనా, ఫలితము ఆరు వారములకు, గ్రంథసమర్పణము ఉగాదికి. పోకపోయెనా, మరుసటి విడత మూడు నెలలకు, దాని ఫలితము మరి ఆరు వారములకు, ఉగాది గడువు కృష్ణార్పణము, ఏడవ యేడు ఎదుట ప్రత్యక్షము.

ఆమెకు తోడుగా బయలుదేరినది జమ్ములమ్మ. గద్వాల కళాశాల ప్రయోగశాలలో ఇరువదేండ్లుగా గాజుపాత్రలు కడిగి, కడిగినదానిని వెలుగుకెత్తి, "ఇంకింత తోమితే పాత్ర గూడ కనవడదు" అని ప్రకటించు శుచివ్రత. రాజోలి ఆడపడుచు. పదకొండవ గొట్టములోని రామచంద్రయ్య ఆమెకు స్వయాన అన్న. గొట్టములను ఐసుగడ్డలతో సహా కొత్త థర్మాకోల్ పెట్టెలో ఆనాటి ఉదయము సర్దినది ఆమెయే; ఆ పెట్టెను పసిబిడ్డవలె ఒడిలో నుంచుకొని బస్సులో కూర్చున్నదియు ఆమెయే.

బస్సు కదలినంతనే కండక్టరు విచ్చేసి ఆ పెట్టెను శంకాకుల దృష్టితో వీక్షించెను.

"ఏందమ్మా, చేపలా? వాసనొస్తే దింపుత."

"చేపలు కాదయ్యా, మనుషులు," అనెను జమ్ములమ్మ. "ఇరవై నాలుగు మంది."

"అండ్ల ఆడోళ్లెందరు?"

"పది మంది."

"వాళ్లకు జీరో టికెట్. మిగిలిన పద్నాలుగు మందికి కొట్టాల్నా?"

"కొట్టు. సీట్లు గూడ సూపియ్యి."

కండక్టరు ఖాళీ సీటొక్కటియు లేని బస్సును ఒకమారు కలయజూచి, పరాజితుడై వెనుకకు మరలెను. ఆ దినమున జరిగిన యుద్ధములలో అతి సులభముగా గెలిచినది అదియే.

బీచుపల్లి వంతెనపై కృష్ణమ్మకు అందరును చేతులు జోడించిరి. జమ్ములమ్మ చేతులు ఖాళీ లేక పెట్టెనే కొంచెము ఎత్తి చూపెను. అటుపిమ్మట పెబ్బేరు సమీపమున మరునాటి సంతకు సాగిపోవు గొర్రెల అక్షౌహిణి రహదారి నాక్రమించెను. ముందు గొర్రెలు, వెనుక గొర్రెలు, నడుమ బస్సు. డ్రైవరు శంఖము పూరించినట్లు హారను పూరించెను. గొర్రెలు దానిని తమ గౌరవార్థము మ్రోగించిన మంగళవాద్యముగా భావించి మరింత నిదానించెను. వానిలో నొక్కదానికైనను ఒంటిగంట గడువు లేదు. అరగంట గడచెను. పెట్టెలోని ఐసు సగము నీరాయెను.

పదకొండున్నరకు వారిరువురును జన్యుశాల చేరిరి. గోడలో జానెడు వెడల్పు, మూరెడు ఎత్తుగల కిటికీ. దాని వెనుక షాహెదా. నమూనా స్వీకరణాధికారిణి, నియమావళీ కంఠపాఠ ధురంధర, కన్నీటికి కరగనిది, మిఠాయి డబ్బాకు లొంగనిది, "పై నుంచి ఫోన్ చేపిస్త" అను బ్రహ్మాస్త్రమును "లైన్‌ల ఉండమను, అన్నం తిని వస్త" అను ఒక్క మాటతో భగ్నము చేయగల దుర్నిరీక్ష్య.

కిటికీ ముందరి బల్లపై మరియొక థర్మాకోల్ పెట్టె, దాని ప్రక్కన రాకేష్. తెలకపల్లి వాడు, నాగర్‌కర్నూల్ కళాశాలలో పరిశోధకుడు, వెయిటింగ్ లిస్టులో మొట్టమొదటివాడు. ఆ ఉమ్మడిశాల ఆచారమేమనగా, వంతు గలవారి సరుకు తిరస్కరింపబడినచో, ఆ సమయమున కిటికీ ముందు ఐసుపెట్టెతో సిద్ధముగా నున్న మొదటివానికి ఆ విడత చెందును. కావున రాకేష్ ఎవరి కీడునూ కోరక, అట్లని కీడు జరిగినచో దూరముగా నుండుటయు నిష్టము లేక, వినయముగా కూర్చుండియుండెను.

"రా అక్కా, కూసో," అని పావనికి జరిగి చోటిచ్చెను. "మీది మంచిగనే తీస్కుంటరు. నేను ఊకెనే వచ్చిన."

"ఐసు నింపుకొని ఊకెనే వచ్చినవా తమ్మీ," అనెను జమ్ములమ్మ.

పావని పెట్టె మూత తీసెను. తీసి, మూసెను. మరల తీసెను. రెండవసారియు అదే దృశ్యము. ఇరవైయైదు గొట్టముల ఇరవైయైదు మూతలపై ఇరవైయైదు పసుపు బొట్లు, తడిపి అద్దినవి, చక్కగా ఆరి అతుక్కున్నవి, నోము పేరంటమునకు వరుసగా కూర్చున్న ముత్తయిదువలవలె ప్రకాశించుచుండెను.

"జమ్ములమ్మక్కా, ఇదేంది?"

"పసుపు. కొత్త పెట్టె, మొదటిపారి ఊరు దాటుతుంది. పొద్దుగాల్ల తానం జేసి బొట్టు పెట్టిన."

"పెట్టెకు పెడితే సాలదా. గొట్టాలకెందుకక్కా?"

"పెండ్లి బండికి బొట్టు పెట్టి, లోపల కూసున్న పిల్లకు పెట్టకుంటే మంచిగుంటదా బిడ్డా. కుంకుమ డబ్బీ దొరకలే. దొరికితే అది గూడ పెడుదును."

అంతట షాహెదా సింహాసన సదృశమైన తన తిరుగుకుర్చీని ముందుకు జరిపి, కళ్లద్దములు సవరించి, మేఘగంభీర స్వరమున, సమస్త నియమసారమును ఒక్క వాక్యమున సంగ్రహించి ఇట్లు నుడివెను:

"గిట్ల తీస్కోం."

పిదప ఆమె గదిలో దీపములార్పి, నీలివెలుగు టార్చి నొకదానిని పెట్టెపైకి ప్రసరింపజేసెను. ఇరవైయైదు బొట్లును ఒక్కుమ్మడిగా పచ్చపచ్చగా భగ్గున మెరసెను.

"ఎంత మంచిగున్నయి," అని జమ్ములమ్మ చేతులు జోడించెను.

"అదే నా పరేషాన్," అనెను షాహెదా. "లోపల డీఎన్ఏ ఎంతుందో మేం వెలుగు పెట్టే కొలుస్తం. మందు కలిపి నీలం లైటు ఏస్తే అది ఎంత మెరిస్తే అంత ఉన్నట్టు. పసుపు గూడ మెరుస్తది. చేతికంటుకొని జర లోపలికి పోయిందంటే ఇగ మిషన్ చెప్పేదంత అబద్దమే. మీది ఒక్కటే గాదు, రేపు వచ్చెటోళ్లది గూడ."

"తుడిచి ఇస్త మేడం," అనెను పావని.

"తుడువు. కని మూత మీద అంకె పోవద్దు. పోతే తీస్కోం. ఈడ మళ్ల రాయనియ్యం. నిరుడు ఒకాయన గిదే బల్ల మీద తుడిచి మళ్ల రాసిండు. బల్మూర్ గొర్రెల రక్తం, బల్మూర్ మనుషుల రక్తం తారుమారైంది. రిపోర్టుల ఒక తాతకు కొమ్ములొచ్చే జన్యువు ఉన్నదని వచ్చింది. ఆ తాత ఇప్పటికి అద్దంల చూస్కుంటుండు." ఆమె గోడ గడియారమును చూచెను. "ఒంటిగంట వరకు టైముంది. అంకె ఉండాలె, పసుపు ఉండొద్దు. మూతలు తెరవొద్దు, చల్లదనం పోవద్దు. ఎట్ల జేస్తరో మీ ఇష్టం."

రాకేష్ తన పెట్టెను కిటికీవైపు రెండంగుళములు జరిపెను. దుమ్ము తుడుచుటకే గాని వేరు ఉద్దేశము లేదని ముఖమున ప్రకటించెను.

పావని కొంగు బిగించెను. అనగా చున్నీ బిగించెను. సంచిలోనుండి స్పిరిటు సీసాను, దూదిని వెలికితీసెను. అయినను సమరకోవిద యగుటచే ముందుగా ఇరవైయైదవ గొట్టమును, ఉత్త నీళ్లదానిని, రంగమునకు దింపెను. మొదటి ఘడియలోనే కోల్పోవుటకు వీలుగా ప్రతి సైన్యములోను అట్టి వాడొకడుండును. స్పిరిటు దూది ఒక్కసారి తాకినంతనే పసుపు మాయమాయెను. పసుపుతోబాటు అంకెయు మాయమాయెను. శత్రువు, మిత్రుడు అను భేదమెరుగని ఆ స్పిరిటు, అత్తను కోడలిని ఒకే మాటతో తిట్టిన పొరుగింటావిడవలె, సమదృష్టితో సర్వమును తుడిచివేసెను.

"నీళ్లు మా తాన ఉన్నయి. అది పోతే ఫికర్ లేదు," అని షాహెదా కిటికీలోనుండి సంతాపము తెలిపెను. ఇట్లు నీళ్లగొట్టము వీరస్వర్గమలంకరించెను. మిగిలినవి ఇరవైనాలుగు. సమయము పదకొండు నలుబదియైదు.

అప్పుడు జమ్ములమ్మ, తాను పెట్టినది తానే తీయవలెనని, కుళాయి కడనున్న బట్టలసబ్బును నీళ్లలో కలిపి, దూది ముంచి, మూడవ మూతపై మెత్తగా అద్దెను. ఏమని చెప్పవచ్చును. ఆ పసుపు చూచుచుండగనే నారింజయై, నారింజ చెంగావియై, చెంగావి రక్తవర్ణమై, దూదిపై, వ్రేళ్లపై, బల్లపై పారి, కదనరంగమును తలపించెను.

"అమ్మా, నెత్తురు," అని రాకేష్ లేచి నిలుచుండెను.

"నెత్తురెక్కడిది, సబ్బుల సోడా ఉంటది," అనెను జమ్ములమ్మ తలయెత్తకయే. "పసుపు, సున్నం కలిస్తే ఏమైతదో తెల్వదా నీకు. కాళ్లకు పారాణి పెట్టేటప్పుడు సూస్తవులే. ఇంక పెండ్లి కాలేదు పాపం."

రాకేష్ కూర్చుండెను. అతడా క్షణమున పొందిన గాయము స్పిరిటుకును, సబ్బుకును పోవునది కాదు.

మంచినీటితో కడిగినంతనే ఎఱుపు శాంతించి మరల పసుపైనది. సబ్బును విడిచి, వట్టి తడి దూదితో ఇరవైనాలుగు మూతలను ఇరువురును కలిసి తుడిచిరి. పేరుకున్న ముద్ద పోయెను. అంకెలు చెక్కుచెదరలేదు. కాని బంధువులు ఊరికి వెళ్లిపోయినను వారన్న మాట మనసున మిగిలిపోవునట్లు, ప్రతి మూతపైనను పలుచని పచ్చని మరక మిగిలెను. షాహెదా టార్చి వేసెను. మరకలు మెరసెను. పన్నెండు దాటి ఐదు నిమిషములాయెను.

పావని బల్లపై కూలబడెను.

"అక్కా, ఇంట్ల ఏమని చెప్పాలె," అనెను నెమ్మదిగా. "పసుపు పెట్టినందుకు ఇంకో ఏడు సదవాలె అంటే ఎవరన్న నమ్ముతరా."

జమ్ములమ్మ పదకొండవ గొట్టమును ఐసులోనుండి కొంచెము పైకెత్తి చూచెను. అన్నింటికంటె పెద్ద మరక దానిదే.

"మా అన్నది జర ఎక్కువ పెట్టిన బిడ్డా. సూది అంటే భయపడి గడ్డివాము ఎన్కకు పోయి కూసున్నడు. నేనే పోయి పట్కొచ్చిన. ఈసారన్న మన ఇంట్ల నెత్తురు సంగతేందో తెలుస్తది, రా అన్నా అని నేనే జెప్పిన. నా చేత్తోనే ఖరాబు జేస్తినా ఏంది." ఆమె కొంగుతో మూతి తుడుచుకొనెను. "ఆయన పెండ్లప్పుడు గూడ గింతే. తెల్ల పంచె మీద పప్పు పడ్డది. సబ్బు పెట్టినం, పోలే. నిమ్మకాయ పెట్టినం, పోలే."

"ఎండకెయ్యకపోయినరా," అనెను కిటికీ వెనుకనుండి షాహెదా.

అని, తానే నిశ్చేష్టురాలై కలము క్రింద పెట్టెను. ఆ మాట నమూనా స్వీకరణాధికారిణి నోట వెలువడినది కాదు. ఆమె నోట ఆమె తల్లియు, తల్లి తల్లియు, దస్తర్‌ఖాన్ అను భోజనపు గుడ్డపై పడిన కూరమరకను డాబామీది ఎండకు అప్పగించి చల్లగా కూర్చున్న తరతరముల స్త్రీలును ఏకకంఠముగా పలికిరి. సబ్బుకు లొంగని పసుపు ఎండకు లొంగునని తెలియని ఆడది ఆ మూడు జిల్లాలలో లేదు. ఆ సత్యము గోడకు ఇవతల ఇద్దరికిని, అవతల ఒకరికిని తెలిసియుండియు, ముగ్గురిలో ఒక్కరికైనను అరగంట వరకు తోచకపోవుటకు కారణము, అది శాస్త్రశాల గోడ యగుటయే.

"ఎండ తగిలితే లోపలి సరుకు ఖరాబైతది గదా," అని పావని శంకించెను. శంకించుచునే లేచి నిలిచెను.

"ఇది సలికాలం ఎండ. నెత్తి మీదికి రాదు, పక్కనుంచి పడ్తది," అనెను జమ్ములమ్మ. "వడియాలు ఎండబెట్టేటప్పుడు సూస్తలేమా. మూతల మీద పడాలె, అడుగుకు పోవద్దు. గంతేనా?"

"గంతే. గొంతు దాక ఐసుల ఉండాలె. పెట్టె జర వంచి పెట్టాలె. చుట్టూ ఏదన్న అడ్డం ఉండాలె."

జమ్ములమ్మ తన సద్దిమూటను విప్పి, జొన్నరొట్టెలకు చుట్టిన వెండిరంగు కాగితమును ఒలిచి ఇచ్చెను. రొట్టెలు దిగంబరములాయెను. పావని ఆ కాగితమునకు ఇరవైనాలుగు రంధ్రములు చేసి, గొట్టముల మెడలకు కవచముగా తొడిగి, మూతలు మాత్రమే బయటికి చూచునట్లు అమర్చి, కిటికీవైపు తిరిగెను. షాహెదా అప్పటికే నియమావళి పుటలు త్రిప్పుచుండెను. ఆమె మొదటినుండి చివరకును, చివరినుండి మొదటికిని త్రిప్పి తీర్పు చెప్పెను.

"మూత తెరవొద్దన్నం. చల్లదనం పోవద్దన్నం. ఎండ వద్దని యాడ రాయలే."

పన్నెండుంబావుకు వెలుపలి మెట్లపై ఘోర సంగ్రామము ప్రారంభమాయెను. ఒక వైపు సహస్రకిరణుడు, తిమిరసంహారి, నీలాకాశ సింహాసనాసీనుడు, తొమ్మిది కోట్ల మైళ్లు ప్రయాణించి వచ్చి పచ్చి శనగగింజంత మరకపై తన సమస్త ప్రతాపమును గుమ్మరించుచుండగా, మరియొక వైపు హరిద్రావీరులు ఇరవైనలుగురు మూతలకోటలపై నిలిచి కదలక మెదలక ప్రతిఘటించుచుండగా, క్రింద ఐసుగడ్డలు, గెలిచినను ఓడినను కరగిపోవుటయే తమ విధి యని తెలిసిన కాల్బలమువలె, ఒక్కొక్కటిగా నిశ్శబ్దముగా నీరగుచుండగా, గోడగడియారము ఎవరి పక్షమునూ వహింపక నడచుచుండెను. రొట్టెలు ఎండిపోవునని తలచి ముగ్గురును వానిని యుద్ధమధ్యముననే తినిరి. రాకేష్ వద్దు వద్దనుచు రెండు తినెను.

పన్నెండున్నరకు ఒకటవ మూత పాలిపోయెను. నాలుగు, ఏడు, తొమ్మిది దాని ననుసరించెను. కాని అప్పటికి పెట్టెలో ఐసు ముక్కలు వ్రేళ్లపై లెక్కింప దగినన్ని మాత్రమే తేలుచుండెను.

"మేడం, లోపల ఐసు ఉంటది గదా," అనెను పావని.

"ఉంది. తీస్కున్న సామాన్లకే ఇస్తం. తీస్కోకముందు ఇయ్యం," అనెను షాహెదా. ఆమె స్వరమున కొంచెము బాధ వినబడెను, నియమమున వినబడలేదు.

ఐసు నిండుగా నున్న పెట్టె ఆ ప్రాంగణమున మరియొక్కటే కలదు. అందరి చూపులును దానిపై వ్రాలెను. రాకేష్ దానిపై చేయి వేసెను. మూడు విడతలుగా వెయిటింగ్ లిస్టున మొదటివాడై, మూడుమార్లు ఐసు నింపుకొని వచ్చి, మూడుమార్లు అదే ఐసు నీళ్లతో వెనుదిరిగిన వాడతడు. ఇప్పుడేమియు చేయక ఊరక కూర్చున్నచో, పావని పెట్టెలోని ఐసు పదిహేను నిమిషములలో పూర్తిగా కరగి, విడత అతనిది. అప్పుడు జమ్ములమ్మ మెట్టుపై నిలిచి, చేతి రొట్టెపిండి దులుపుకొని, సభాసదులైన రెండు పిచ్చుకలు వినుచుండగా ఇట్లు ప్రసంగించెను.

"ఇగో తమ్మీ, నేను అడుక్కోను. న్యాయం జెప్త, విను. ఈ పిల్ల సామాను ఖరాబైతే సీటు నీకొస్తది. వస్తే నువ్వు పుస్తకం రాస్తవు. రాస్తే ముందటి పేజీల అమ్మకు దండం, నాయినకు దండం, సారుకు దండం అని ఏస్తరు గదా. నేను ఇరవై ఏండ్ల సంది కాలేజిల గిలాసలు కడుగుకుంట ఆ పేజీలు సూస్తున్న, నా పేరు ఒక్కదాంట్ల లేదు. నీ దాంట్ల మాత్రం నాలుగో దండం నాకే పెట్టాలె. జమ్ములమ్మ పసుపు పెట్టింది గాబట్టి నేను గింతటోన్నయితిని అని రాయాలె. రాస్తవా? రాయవు. సిగ్గయితది. గట్ల సిగ్గయ్యే సీటు నీకెందుకు. నీది నీకొస్తది, నీ పేరు మీదనే వస్తది."

రాకేష్ దీర్ఘకాలము, అనగా అర నిమిషము, ఆలోచించెను. పెట్టెను చూచెను. పావనిని చూచెను. పావని అతనిని చూడలేదు, మరకలను చూచుచుండెను. అదియే అతని ధైర్యమును దెబ్బతీసెను.

"అక్కా, నీది ఎన్నో ఏడు?"

"ఆరు."

"నాది అయిదు." అతడు నిట్టూర్చి పెట్టె మూత తీసెను. "సగం తీస్కో. సగం నాకు తెలకపల్లి దాక గావాలె. అమ్మా, నువ్వు గిలాసలు కడుగుడు కాదు, కోర్టుల ఉండాల్సింది."

ఘణఘణమని కొత్త ఐసు పడెను. గొట్టముల కంఠముల వరకు చలువ మరల నిండెను. రాకేష్ ఇచ్చి ఊరుకొనక, ఎండ జరిగినప్పుడెల్ల పెట్టెను జరుపుచు, "పన్నెండు పోయింది. ఇరవై పోయింది. పదిహేడు పోతుంది," అని తనకు దక్కవలసిన విడతను తానే లెక్కపెట్టి సాగనంపుచుండెను.

పన్నెండు నలుబదియెనిమిదికి షాహెదా తానే వెలుపలికి వచ్చి, పెట్టెపై నల్లగుడ్డ కప్పి, అందులో తలదూర్చి టార్చి వెలిగించెను. ఒకటి చీకటి. రెండు చీకటి. మూడు, మొదట రక్తస్నానము చేసినది, చీకటి. ఇట్లు ఇరువదిమూడు మూతలును శాంతించినవి. పదకొండవ దానిపై మాత్రము ఆవగింజంత మెరుపు మిణుకు మిణుకుమనుచుండెను.

"ఇదొక్కటి ఉంది," అనెను గుడ్డలోనుండి షాహెదా. "అన్నీ కలిపే తీస్కోవాలె. ఒక్కటి ఆపి తీస్కునుడు ఉండదు."

జమ్ములమ్మ ఆ పెట్టె ముందు చతికిలబడి, పదకొండవ మూతకు అభిముఖముగా మొగము పెట్టి, చిన్న గొంతుతో మాటలాడెను.

"అన్నా, ఇగ సాలు. అందరు పోతుండ్రు. నువ్వొక్కనివే గడ్డివాము ఎన్క కూసుంటే ఎట్ల. జర నా ఇజ్జత్ కాపాడు."

రామచంద్రయ్య తన జీవితమున ఏనాడును చెల్లెలి మాట మొదటిసారికి వినినవాడు కాడు. ఆయన మూతయు వినలేదు. పన్నెండు యాబదిరెండు. మరల టార్చి, మెరుపు అట్లే యుండెను. పావని పెట్టెను వ్రేలెడు ఎత్తి, నీడ తగులకుండ ఊపిరి బిగబట్టి పట్టుకొనెను. రాకేష్ ఎండకు అడ్డు వచ్చుచున్న పూలకుండీని కౌగిలించి అవతలికి మోసెను. పన్నెండు యాబదియైదు. పిచ్చుకలు ఏదో పని యున్నట్లు ఎగిరిపోయెను.

పన్నెండు యాబదియేడుకు షాహెదా నల్లగుడ్డలో తలదూర్చెను. టార్చి వెలిగించెను. ఆర్పెను. నమ్మక, బ్యాటరీ పోయినదేమోనని తన అరచేతిపై వేసి చూచుకొని, మరల మూతపై వేసెను. చీకటి.

"ఇట్ల తెండ్రి," అనెను.

ఆమె లోపలికి పోయి కిటికీ కడ నిలిచెను. పావని రెండు చేతులతో పెట్టె నందించెను. అంకెలు ఒక్కొక్కటే చదువబడెను, కాగితముతో సరిచూడబడెను, ఐసు వ్రేలితో తాకబడెను. "అందినది" అను ముద్ర కాగితముపై డబ్బుమని పడెను. ఆ ధ్వని పాంచజన్యమునకు తీసిపోదు.

"ఆరు వారాలకు రిపోర్టు. రాకేషూ, వచ్చే విడతల నీదే మొదటి పేరు, జర పైలంగ రా. ఇగ జరగండ్రి, కిటికీ మూస్త."

కావున ఓ దిక్పాలకులారా, ఓ గద్వాల వనపర్తి నాగర్‌కర్నూల్ పురవాసులారా, ఓ పన్నెండు కళాశాలల పరిశోధక మహాజనులారా, దుందుభులు మ్రోగించి చాటుడు. ఏమి గెలిచిరని అడుగువారికి ఇట్లు చెప్పుడు. రాజ్యము గెలువలేదు. రోగమునకు మందు ఇంకను దొరకలేదు. రామచంద్రయ్య నెత్తురు సంగతి ఇంకను తేలలేదు. అది మహాయంత్రము చదివి చెప్పవలసినది. గెలిచినదేమనగా, ఆనాడు వనపర్తిలో, జానెడు కిటికీకి ఇవతలనున్న ఇరవైనాలుగు చింతగింజలంత గొట్టములు, ఇద్దరు స్త్రీల బుద్ధిబలము చేతను, ఒక పోటీదారుని సగము ఐసు చేతను, ఒక అధికారిణి నోరుజారిన ఒక్క మాట చేతను, సాక్షాత్తు సూర్యుని సహాయము చేతను, గడువునకు రెండు నిమిషములు మిగులగా, ఆ కిటికీకి అవతలికి చేరినవి. బల్లనుండి కిటికీ లోపలికి మొత్తము దూరము పదునారు అంగుళములు. ఆ పదునారు అంగుళముల దిగ్విజయము ఆచంద్రార్కము వర్ధిల్లుగాక. చంద్రునికిని సూర్యునికిని అంత ఓపిక లేనిచో, ఉగాది వరకైనను వర్ధిల్లుగాక.